నివురుగప్పిన నక్షత్రవీధులు

హైదరాబాదు నగరమున ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతమునందు టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రము కలదు. శీతకాలము ప్రవేశించినది మొదలు వేసవి వచ్చువరకు, గాలి నెమ్మదించిన రాత్రివేళలలోను, తెల్లవారుజామునను, ఆ కేంద్రమువారు శాస్త్రపరికరములను గట్టిన పెద్ద పెద్ద బెలూనులను ఆకాశమునకు విడుచుచుందురు. విడుచుటకు ముందు, పరికరములు దిగుటకు అవకాశముగల జిల్లాల పేర్లను పేర్కొని పత్రికలలో ప్రకటన చేయుట వారి యాచారము. అట్టి జిల్లాలలో సిద్దిపేట యొకటి. ప్రకటనను పట్టణములలోని పత్రికాపాఠకులు చదువుదురు. పరికరము మాత్రము సాధారణముగా పట్టణములో దిగదు. మొక్కజొన్న చేలలోనో, ప్రత్తిచేలలోనో, చెరువు శిఖములోనో దిగును. కావున దానిని మొట్టమొదట చూచువాడు తరచుగా రైతే. ఆ రైతు మొదట కబురు పంపునది సర్పంచి గారికి.

ఆకాశమునుండి దిగిన ఆ పెట్టె యేమి, దాని నెవరు పంపిరి, దానివలన ప్రమాదమున్నదా యని పదిమంది వచ్చి యడుగునపుడు సమాధానము చెప్పవలసినవారు పంచాయతి సభ్యులే. పెట్టెను ముట్టరాదని చెప్పుట సులభము. ఎందుకు ముట్టరాదో, ఏ జ్ఞానమును సంపాదించుటకై అది అంత యెత్తునకు పోయివచ్చినదో తెలిసి చెప్పినచో ఆ మాటకు బలము కలుగును. అందుచేత ఈ పాఠమును కొంచెము దూరమునుండి, అనగా కోట్లకొలది కాంతి సంవత్సరముల దూరమునుండి, ఆరంభింపవలసియున్నది.

కంటికి ఆనని వెలుగు

కమ్మరి కొలిమిలో కాలిన యినుమును వెలికి తీసినపుడు అది మొదట పసుపుపచ్చగను, పిదప ఎఱ్ఱగను కనబడి క్రమముగా నల్లబడును. నల్లబడినదికదా, చల్లారినదని తలచి పట్టుకొన్నవాని చేయి కాలును. వెలుగు పోయినది గాని వేడి పోలేదు. దగ్గరగా అరచేయి చాచినచో ముట్టకుండగనే ఆ వేడి తెలియును. దానిని మన చేతికి చేర్చుచున్నది కూడ ఒక విధమైన వెలుగే. కంటికి ఆనదు, చర్మమునకు తెలియును.

1800వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకముద్వారా రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకమునుంచి పరీక్షించెను. ఎఱుపు రంగునకు ఆవల, ఏ రంగును కనబడని చోట నుంచిన ఉష్ణమాపకములో కూడ వేడి పెరిగెను. ఎఱుపునకు ఆవల నున్నవి గావున ఈ కిరణములకు పరారుణ కిరణములని పేరు కలిగినది. వేడిగల ప్రతి వస్తువునుండియు ఇవి వెలువడుచునే యుండును. మన శరీరమునుండియు, ఎడ్ల శరీరమునుండియు, ఎండకు కాగిన గోడనుండియు వెలువడును.

రంగుల వరుసకు రెండవ కొనను, ఊదారంగునకు ఎంతో దూరమున, ఎక్స్ కిరణములున్నవి. వీనిని 1895లో జర్మనీ దేశస్థుడగు రాంట్జెన్ కనుగొనెను. విరిగిన యెముకను ఆసుపత్రిలో పటము తీయించుకొన్నవారికి వీని పరిచయము కలదు. పరారుణ కిరణములు, ఎఱుపు, పచ్చ, ఊదా, ఎక్స్ కిరణములు అన్నియు ఒక్క కుటుంబమునకు చెందినవే. భేదమంతయు తరంగముల పొడవులోనున్నది. పరారుణ తరంగములు పొడవైనవి. వాని శక్తి స్వల్పము. ఎక్స్ కిరణముల తరంగములు మిక్కిలి పొట్టివి. వాని శక్తి మన కంటికి కనబడు వెలుగు శక్తికి వేలరెట్లుండును. కావుననే అవి మాంసమును దాటి యెముకవద్ద ఆగుచున్నవి. దాటిపోగల ఈ గుణమే మన పాఠమునకు ఆయువుపట్టు.

ధూళి మాటున నిప్పు

అమావాస్య దినములలో దీపముల వెలుగు సోకని పొలముగట్టున నిలిచి చూచినచో ఆకాశమున అడ్డముగా తెల్లని పట్టీ వలె పాలపుంత కనబడును. పట్టణవాసులకు ఈ భాగ్యము లేదు. అది మన సూర్యుడు చేరియున్న నక్షత్రవీధి. అందలి నక్షత్రములు పదివేల కోట్లకు తక్కువ కాదు. పాలపుంతను పరకాయించి చూచినచో అందులో అక్కడక్కడ నల్లని చీలికలు కానవచ్చును. అచ్చట నక్షత్రములు లేవని పూర్వము కొందరు తలచిరి. ఉన్నవి, కాని వానికిని మనకును నడుమ సన్నని ధూళి మేఘములు అడ్డుగా నున్నవి. ఈ ధూళి మన బాటలమీది దుమ్ము కంటె ఎంతో సన్ననిది. దీపపు మసివంటి రేణువులును, ఇసుకజాతి రేణువులును ఇందు కలవు.

ధూళి వెలుగును మ్రింగును, మ్రింగినదానిని దాచుకొనజాలదు. నక్షత్రకాంతిచే కొంచెము వెచ్చబడి, ఆ వేడిని పరారుణ కిరణముల రూపమున మరల వెలిబుచ్చును. వెచ్చదనమనగా మన లెక్కలో అది భయంకరమైన చలియే. మంచు గడ్డకట్టు స్థాయికి రెండువందల డిగ్రీలకు పైగా దిగువ. ఐనను ఆ మాత్రపు వేడికే పరారుణ కిరణములు పుట్టును.

మన యిండ్లలో పూర్వము రాత్రి నిప్పు ఆరిపోకుండ కుంపటిలో బూడిద కప్పి యుంచెడివారు. చూచినవారికి బూడిదయే కనబడును. పైన చేయి పెట్టినవారికి లోపల నిప్పున్నదని తెలియును. నివురుగప్పిన నిప్పని మన పెద్దలు చెప్పునది ఇదియే. ఆకాశములో ఇట్టివి నక్షత్రవీధులకు నక్షత్రవీధులే యున్నవని 1983 వరకు శాస్త్రజ్ఞులకు స్పష్టముగ తెలియదు.

ఆ సంవత్సరము జనవరి 25వ తేదీన అమెరికా, నెదర్లాండ్సు, బ్రిటను దేశములు కలిసి ఐరాస్ అను కృత్రిమోపగ్రహమును పంపినవి. అందులో 57 సెంటీమీటర్ల అద్దముగల పరారుణ దూరదర్శిని కలదు. దూరదర్శినియే వెచ్చగా నున్నచో దాని వేడి దానికే అడ్డు. ఎండలో నిలిచి మిణుగురును వెదకినట్లుండును. అందుచేత దానిని ద్రవ హీలియముతో చల్లబరచిరి. ఆ హీలియము పది నెలలకు అయిపోయినది. ఆ లోపల ఐరాస్ ఆకాశమునంతటిని దాదాపుగా పూర్తిగ పరిశీలించి లక్షలకొలది వేడి స్థానములను నమోదు చేసెను. వానిలో కొన్నిటిని చూచి శాస్త్రజ్ఞులు విస్మితులైరి. మామూలు దూరదర్శినిలో మసకగా, అల్పముగా కనబడు కొన్ని నక్షత్రవీధులు పరారుణ కిరణములలో మహాప్రకాశముతో వెలుగుచున్నవి. వాని వెలుగులో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు ధూళి మాటుననే యున్నది. మన పాలపుంత మొత్తము వెలుగు కొన్ని వేల కోట్ల సూర్యుల వెలుగునకు సమానము. ఈ నక్షత్రవీధులలో తీక్ష్ణమైనవి పరారుణమునందే లక్ష కోట్ల సూర్యులకు మించి ప్రకాశించును.

ఇంతటి వేడి ఎచ్చటినుండి వచ్చినది? ఇట్టి వానిలో మిక్కిలి ప్రకాశముగలవి చాలవరకు రెండు నక్షత్రవీధులు ఒకదానినొకటి ఢీకొని కలిసిపోవుచున్నట్టివని ఛాయాచిత్రములవలన తేలినది. ఢీకొనుటయనగా నక్షత్రమునకు నక్షత్రము తగులుట కాదు; నక్షత్రముల నడుమ దూరము చాల ఎక్కువ. వాని మధ్యనున్న వాయువును ధూళియును తగిలి, కలగి, నడిమికి జారి కుప్పపడును. ఆ కుప్పలో రెండు విధములైన నిప్పులు రగులుటకు అవకాశమున్నది. వాయువు ముద్దలై వేలకొలది క్రొత్త నక్షత్రములు ఒక్కుమ్మడి పుట్టవచ్చును. లేక నడుమనున్న మహాకృష్ణబిలము ఆ వాయువును మ్రింగుచు, మ్రింగబడుటకు ముందు ఆ వాయువు అమితముగా కాగి వెలుగవచ్చును. కృష్ణబిలమనగా వెలుగు సైతము తప్పించుకొని పోలేనంతటి ఆకర్షణగల స్థానము. నక్షత్రవీధుల నడుమ నుండునవి లక్షల, కోట్ల సూర్యుల బరువుగలవి.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. ధూళిని వెచ్చజేసినది నక్షత్రముల గుంపైనను, కృష్ణబిలమైనను, ధూళి ఒక్కవిధముగనే పరారుణ కిరణములను వెలిబుచ్చును. ఇంటికప్పునుండి పొగ వెలువడుట చూచి లోపల నూరు పొయ్యిలున్నవా, ఒక్క కుమ్మరి ఆవమున్నదా యని చెప్పగలమా? లోనికి తొంగిచూడవలయును.

తొంగిచూచు సాధనము

ధూళినిగూడ దాటి రాగల కిరణములు కావలయును. అవియే ఎక్స్ కిరణములు. కృష్ణబిలము చెంతనున్న వాయువు కోట్ల డిగ్రీలవరకు కాగుటచే తీవ్రమైన ఎక్స్ కిరణములు పుట్టును. నక్షత్రముల గుంపులనుండియు ఎక్స్ కిరణములు వచ్చును గాని అవి సాధారణముగ అంత బలమైనవి కావు. శక్తి హెచ్చినకొలది త్వరగా సన్నగిల్లిపోవును. కావున పరారుణ కిరణములలో మండిపోవు నక్షత్రవీధి నొకదానిని తీసికొని, అధికశక్తిగల ఎక్స్ కిరణములలో దానిని పరీక్షించినచో లోపలిది నూరు పొయ్యిలా, ఆవమా యను తగవు తీరుటకు వీలగును. పరారుణమువలన నిప్పు ఎంతయో తెలియును. ఎక్స్ కిరణములవలన ఆ నిప్పు ఎవరిదో తెలియును.

ఐతే ఎక్స్ కిరణములను పట్టుట సామాన్యమైన పని కాదు. మామూలు అద్దమునకు ఎదురుగా వచ్చినచో అవి అందులో దూరిపోవును, తిరిగి రావు. దీనికి చేసిన ఉపాయము మన పిల్లలందరికిని తెలిసినదే. సిద్దిపేటలోని కోమటిచెరువు గట్టున నిలిచి పెంకు నొకదానిని నిట్టనిలువుగా నీటిలో వేసినచో మునిగిపోవును. అదే పెంకును నీటికి దాదాపు సమముగా విసరినచో కప్పగంతులు వేయుచు పోవును. ఎక్స్ కిరణములును అంతే. మిక్కిలి నునుపైన అద్దమును అవి ఒరసికొనిపోవునట్లు అమర్చినచో కొంచెము వంగి ఒకచోట చేరును. అందుచేత ఈ దూరదర్శినుల అద్దములు పళ్లెమువలె నుండవు; అడుగు లేని పీపాల వలె, ఒకదానిలో నొకటి అమర్చిన గొట్టములవలె నుండును. ఐరోపా దేశములు 1999 డిసెంబరు 10న పంపిన ఎక్స్.ఎం.ఎం. న్యూటన్ అను ఉపగ్రహములో మూడు దూరదర్శినులున్నవి. ఒక్కొక్కదానిలో అట్టి గొట్టములు 58 కలవు.

ఆ సంవత్సరమే జూలై 23న అమెరికావారు పంపిన దూరదర్శినికి చంద్ర అని పేరుపెట్టిరి. అది మన దేశమునుండి పోయిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు. లాహోరులో 1910న జన్మించి, మదరాసులో చదివి, నక్షత్రముల అంత్యదశను గూర్చి గణించిన ఆయనకు 1983లో నోబెల్ బహుమానము లభించినది. ఐరాస్ ఎగిరినదియు ఆ సంవత్సరమే.

చంద్ర దూరదర్శిని చేసిన ఉపకారములలో ఒకటి ప్రత్యేకముగ చెప్పదగినది. సర్పధారి నక్షత్రమండలము దిక్కున సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున ఎన్.జి.సి. 6240 అను నక్షత్రవీధి కలదు. కాంతి సంవత్సరమనగా వెలుగు ఒక్క యేడాదిలో పోవు దూరము. వెలుగు సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పోవునని జ్ఞప్తియందుంచుకొన్నచో ఆ దూరము కొంతవరకు ఊహకు వచ్చును. ఈ నక్షత్రవీధి రెండు నక్షత్రవీధులు కలిసిపోవుచుండగా ఏర్పడుచున్నది. పరారుణమున మిక్కుటముగ ప్రకాశించును. దాని నడుమనుండి ఎక్స్ కిరణములు వచ్చుచున్నవని ముందే తెలియును గాని, అవి ఒకచోటినుండి వచ్చుచున్నవో రెండుచోట్లనుండి వచ్చుచున్నవో తెలియలేదు. 2002లో చంద్ర దూరదర్శిని నిశితముగ చూచి, ఒకటి గాక రెండు కృష్ణబిలములున్నవనియు, రెండును వాయువును మ్రింగుచున్నవనియు తేల్చినది. వాని నడుమ దూరము సుమారు 3,000 కాంతి సంవత్సరములు. కొన్ని పదుల కోట్ల సంవత్సరములకు ఆ రెండును కలిసి ఒకటి కాగలవని అంచనా.

కృష్ణబిలములని నిశ్చయించుటకు తోడ్పడిన సాక్షి యెవరనగా, ఇనుము. తీవ్రమైన ఎక్స్ కిరణములు వాయువులోని యినుప పరమాణువులకు తగిలినపుడు ఆ పరమాణువులు తమదైన ఒక ప్రత్యేక శక్తిగల ఎక్స్ కిరణములను వెలిబుచ్చును. అది వాని చేవ్రాలు వంటిది. కృష్ణబిలము ధూళివాయువులచే పూర్తిగ కప్పబడి నేరుగా కనబడనపుడు సైతము, చుట్టునున్న వాయువుమీద పడి తిరిగివచ్చిన వెలుగులో ఈ యినుము చేవ్రాలు కనబడును. మన నాగటి కర్రులోని యినుమును ఒకానొక కాలమున నక్షత్రములలో పుట్టినదే గావున, ఈ సాక్షి మనకు పరాయివాడు కాడు.

అన్ని వ్యాజ్యములు ఇంత చక్కగ తీరలేదు. ఆర్ప్ 220 అను నక్షత్రవీధి మనకు సుమారు 25 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. మనకు సమీపముననున్న అతితీవ్ర పరారుణ నక్షత్రవీధి యదియే. దానికి రెండు నడుములున్నవి. అమెరికావారు 2012 జూన్ 13న పంపిన న్యూస్టార్ అను దూరదర్శిని చంద్ర కంటె అధికశక్తిగల ఎక్స్ కిరణములను చూడగలదు. దాని అద్దములకును, కిరణములను పట్టు పరికరమునకును నడుమ పది మీటర్ల నిట్రాట యున్నది. అది ఆకాశమునకు పోయిన పిదప విచ్చుకొన్నది. ఇట్టి సాధనముతో ఆర్ప్ 220ని పరిశీలించి 2015లో ప్రకటించిన ఫలితములలో కూడ కృష్ణబిలమునకు నిశ్చయమైన గుర్తు దొరకలేదు. అందు కృష్ణబిలము లేదని చెప్పుటకును వీలులేదు. ఎక్స్ కిరణములు ధూళిని దాటునన్నమాట నిజమే యైనను దానికిని హద్దున్నది. వాయువు అతిదట్టముగా నున్నచో అవి కూడ లోపలనే తిరిగి తిరిగి సమసిపోవును. తెర ఎంత మందమైనదో తెలియక, తెరవెనుక మనిషి లేడని చెప్పుట శాస్త్రము కాదు.

ఐరాస్ పట్టికనుండి ఏరిన 202 పరారుణ నక్షత్రవీధీ సముదాయములను అనేక దూరదర్శినులతో కలిపి పరిశీలించు ఒక పెద్ద ప్రయత్నము నడచినది. అందు మిక్కిలి ప్రకాశముగల 44 సముదాయములను చంద్రతో చూచి 2011లో ఫలితములను ప్రకటించిరి. వానిలో మూడవవంతునకు కొంచెము మించి కృష్ణబిలపు గుర్తులు ఎక్స్ కిరణములలో కనబడినవి. మిగిలినవానిలో నక్షత్రముల పుట్టుకయే ప్రధానమో, మరి లోతుగా పూడిన కృష్ణబిలములున్నవో తెలియవలసియున్నది.

గాలి యను గోడ

ఇంతయు నేలమీదినుండి చూడరాదా యని కొందరడుగవచ్చును. మన నెత్తిమీది గాలి బరువు పది మీటర్ల లోతు నీటి బరువునకు సమానము. ఎక్స్ కిరణములకు అది దాటరాని గోడ. అట్లు లేకున్నచో నేలమీద ప్రాణి బ్రతుకుట కష్టమే. గోడ మన మేలునకే యున్నది. పరారుణ కిరణములలో చాల భాగమును గాలిలోని నీటి ఆవిరి మ్రింగివేయును. అందుచేత గాలిని దాటి పైకి పోక తప్పదు. 1962 జూన్ 18న అమెరికాలో ఒక రాకెట్టు కొద్ది నిమిషములపాటు పైకి పోయి, సూర్యమండలమునకు వెలుపలినుండి వచ్చు ఎక్స్ కిరణములను మొదటిసారి పసిగట్టినది. ఆ పనికి ముఖ్యుడైన రికార్డో జియాకోనీకి నలుబది యేండ్ల పిదప, 2002లో, నోబెల్ బహుమానము వచ్చినది.

ఉపగ్రహము పంపుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. దానికంటె తక్కువ ఖర్చుతో పోగలది బెలూను. పలుచని ప్లాస్టిక్ పొరతో చేసి ఉదజని వాయువుతో నింపిన ఈ బెలూనులు ఎత్తునకు పోయినకొలది విప్పారి 50 మీటర్లనుండి 85 మీటర్ల వెడల్పు కాగలవు. 30 నుండి 42 కిలోమీటర్ల యెత్తునకు చేరగలవు. అచ్చటికి చేరినపుడు పైన మిగిలిన గాలి కొన్ని సెంటీమీటర్ల నీటికి మాత్రమే సమానము. అధికశక్తిగల ఎక్స్ కిరణములు ఆ కొంచెమును దాటిరాగలవు. తక్కువశక్తిగలవానికి మాత్రము ఉపగ్రహమే శరణ్యము.

ఈ పనికి హైదరాబాదును ఎన్నుకొనుటకు కారణమున్నది. విశ్వకిరణములను గూర్చి పరిశోధించిన హోమీ భాభా 1945లో టాటా సంస్థను స్థాపించెను. భూమధ్యరేఖకు సమీపమున భూమి అయస్కాంతబలము విశ్వకిరణములను చాలవరకు ప్రక్కకు త్రోసివేయును. గోల తక్కువైన చోట మెల్లని మాట వినబడునట్లు, విశ్వకిరణములు తక్కువైన చోట దూరపు ఎక్స్ కిరణములను పసిగట్టుట సులువు. అందులకు తోడు హైదరాబాదు చుట్టును విశాలమైన నేల యున్నది. పరికరము సముద్రములో పడదు. ఇబ్బందియు లేకపోలేదు. మన ప్రాంతమున పదునారు, పదునేడు కిలోమీటర్ల యెత్తున గాలి సున్నకు 80 డిగ్రీల దిగువవరకు చల్లబడును. ఆ చలికి పెళుసెక్కి చిరిగిపోని ప్లాస్టిక్ పొరను తయారుచేయుట ఒక విద్య. కేంద్రమువారు తమ బెలూనులను తామే చేసికొందురు.

ఎక్స్ కిరణముల పరికరములేగాక 100 సెంటీమీటర్ల అద్దముగల పరారుణ దూరదర్శినిని కూడ ఈ సంస్థవారు హైదరాబాదునుండి అనేక పర్యాయములు పంపిరి. అది ముఖ్యముగ మన పాలపుంతలో నక్షత్రములు పుట్టుచున్న ధూళి మేఘములను చూచినది. దూరపు నక్షత్రవీధుల ధూళిని అర్థము చేసికొనుటకు ఇంటి ధూళిని ఎఱుగుట అవసరము. గమనింపవలసినదేమనగా, ఒకే దూరదర్శిని మరల మరల ఎగిరినది. ఎగిరిన ప్రతిసారియు అది గొడుగు పట్టుకొని ఏదో యొక ఊరి పొలములో దిగినది. అచ్చటివారు దానిని కాపాడి యప్పగించుటచేతనే మరల ఎగురగలిగినది.

బెలూనులలో నేర్చిన విద్య ఉపగ్రహములకు ఉపకరించినది. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన మన మొదటి ఉపగ్రహము ఆర్యభటలో ఎక్స్ కిరణముల పరికరము కలదు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై ఆస్ట్రోసాట్ ఎగిరి 650 కిలోమీటర్ల యెత్తున కక్ష్యలో నిలిచినది. అందలి ఎక్స్ కిరణ పరికరములలో ముఖ్యమైనవానిని టాటా సంస్థవారే నిర్మించిరి. 2024 జనవరి 1న ఎక్స్‌పోసాట్ అను మరియొక ఉపగ్రహము శ్రీహరికోటనుండియే పోయినది.

పొలములో దిగినపుడు

బెలూను పైన కొన్ని గంటలు తేలిన పిదప కేంద్రమువారు దూరమునుండి సంకేతమిచ్చి త్రాడును తెంపుదురు. పరికరము రంగుల గొడుగుతో నెమ్మదిగా దిగును. బెలూను పొర చిరిగి వేరుగా పడును. విశాఖపట్టణమునుండి హైదరాబాదు మీదుగా షోలాపురమునకు గీసిన గీత వెంబడి, హైదరాబాదునకు 200 నుండి 350 కిలోమీటర్ల లోపల ఎచ్చటనైనను దిగవచ్చునని ప్రకటనలలో తెలుపుదురు. గాలివాలునుబట్టి అంతకంటె దగ్గరగను దిగవచ్చును.

2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా మర్పల్లి మండలము మొగిలిగుండ్ల వద్ద పెద్ద గుండ్రని పెట్టె యొకటి దిగినపుడు చుట్టుప్రక్కల గ్రామములవారు తండోపతండములుగ వచ్చి చూచిరి. అది మనుష్యులను పైకి తీసికొనిపోవుటకు ఒక విదేశ సంస్థ చేసిన పరీక్ష. లోపల మనుష్యులు లేరు. 2025 జనవరిలో బీదరు జిల్లా జలసంగి గ్రామమున మరియొక బెలూను పరికరము ఒక యింటిమీదనే దిగినది. ఇట్టి సమయములలో బాంబని కొందరు, వేరు లోకమునుండి వచ్చినదని కొందరు చెప్పుట సహజము. ఆ పుకారులను వెంటనే ఆపగలవారు గ్రామములో పేరున్న పెద్దలే గాని దూరముననున్న అధికారులు కారు.

పరికరమునకు చిరునామాయు, సూచనలును గల కాగితము అంటింపబడియుండును. దానిని చదివి సమీపముననున్న పోలీసు ఠాణాకో, తపాలా కార్యాలయమునకో, బెలూను కేంద్రమునకో కబురు చేయవలయును. పెట్టెను విప్పరాదు, జరుపరాదు. ఎక్స్ కిరణములను పట్టు పరికరములలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ఉండవచ్చును, తగిలినచో ప్రాణాపాయము. ఇది భయపెట్టుటకు చెప్పిన మాట కాదు, ప్రకటనలోనే యున్నది. ముట్టకుండ కాపాడి తెలియజేసినవారికి తగిన బహుమానమును, కబురు చేయుటకును ప్రయాణమునకును అయిన ఖర్చును ఇత్తురు. పరికరమును చెఱచినచో బహుమానము లేదు.

బహుమానముకంటె పెద్ద సంగతి మరియొకటి యున్నది. పరికరము చూచినదానిలో కొంత పైనుండగనే రేడియోద్వారా నేలకు చేరును. ఐనను, పరికరము ఎంత సరిగా పనిచేసినదో, దాని కొలతలను ఎంతవరకు నమ్మవచ్చునో, దిగిన పిదప దానిని ప్రయోగశాలలో మరల పరీక్షించినప్పుడే నిశ్చయమగును. ఒక రాగితీగ కొరకు గాని, ఒక చిన్న అద్దము కొరకు గాని ఎవరైన చేయి పెట్టినచో కొందరు విద్యార్థులు ఏండ్లతరబడి చేసిన శ్రమ వ్యర్థమగును. తూకమురాయిని ఎవరో అరగదీసిన పిదప ఆ తక్కెడతో తూచినదేదియు చెల్లనట్లు, ఆ రాత్రి తీసికొన్న కొలతలు చెల్లవు.

శీతకాలపు మొదటి గ్రామసభలో ఈ విషయమును ఒకమారు చదివి వినిపించుట, పశువుల కాపరులకును, రాత్రి పొలములకు నీరు పెట్టువారికిని ప్రత్యేకముగ చెప్పుట మంచిది. తెల్లవారుజామున మొదట చూచువారు వారే. పరికరము దిగినట్లు తెలిసినచో ఇద్దరు నమ్మకమైనవారిని కొంచెము దూరములో కాపలా పెట్టి, గుంపు చేలను త్రొక్కకుండ చూడవలయును. పాఠశాల దగ్గరనే యున్నచో ఉపాధ్యాయుల వెంట పిల్లలను తీసికొనివచ్చి దూరమునుండి చూపింపవచ్చును. బెలూను పొర వేరొక చోట పడియుండును గనుక దానిని కూడ వెదకింపవలయును. మొగ్గ తొడిగిన చేనుమీద పరచుకొన్న ప్లాస్టిక్ పొర పైరును ఉక్కిరిబిక్కిరి చేయును. ముక్కలైనచో పశువులు మేతతోపాటు మ్రింగును. దానిని చుట్టబెట్టి పంచాయతి కార్యాలయములో ఉంచి, పరికరముకొరకు వచ్చినవారికే అప్పగింపవలయును.